హవాయి బడుల్లో హవాయి భాష: ఇంగ్లీషు కావాలన్న మనం ఎటువైపు?

(భాష – బడి – అధికారం, 6వ భాగం)



1896 జూన్‌లో హవాయి ద్వీపాల్లో ఒక చట్టం వచ్చింది. 57వ చట్టం అంటారు దాన్ని. అందులో 30వ సెక్షన్ చెప్పిందల్లా ఇది: ప్రభుత్వ బడి కానీ ప్రైవేటు బడి కానీ, పాఠం ఇంగ్లీషులోనే చెప్పాలి. వేరే భాష ఏదైనా నేర్పాలనుకుంటే అదనంగా, అదీ విద్యాశాఖ ఒప్పుకుంటేనే. ఈ మాట వినని బడిని విద్యాశాఖ బడిగా గుర్తించదు.

హవాయి భాషను నిషేధిస్తున్నాం అని అందులో ఎక్కడా లేదు. అసలు ఆ భాష పేరే ఎత్తలేదు. పాలించేవాడికి ఆ అవసరం ఉండదు. మన ఊళ్ళలో మంచినీళ్ళ బావి దగ్గర మనవాళ్ళు రాకూడదని ఎవరూ బోర్డు రాసి పెట్టలేదు కదా. అందరికీ తెలుసు, అంతే. "గుర్తింపు లేదు" అనే రెండు మాటలు చాలు, ఒక జాతి నోట్లోంచి దాని భాషను ఊడబీకడానికి. ఆ అడ్డు తొలగడానికి 1986 దాకా, అంటే 90 ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు అక్కడ పరిస్థితి ఏంటంటే, హవాయి భాష కావాలనుకున్న పిల్లలకు కొన్ని చోట్ల హవాయి మీడియం బడులున్నాయి. హైస్కూల్లో ఇష్టమైతే స్పానిష్, జపనీస్ లాగే దాన్నీ ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. ఇష్టమైతేనే. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. అది చాలదు. హవాయి రాష్ట్రంలో ప్రతి ప్రభుత్వ బడిలో, ప్రతి పిల్లకీ, తెల్ల పిల్లలకీ జపాన్ మూలాల పిల్లలకీ ఫిలిపినో పిల్లలకీ, హవాయి భాష తప్పనిసరి పాఠం కావాలి. హవాయి మీడియం కావాలన్న వాళ్ళకి అది ఊరూరా హక్కుగా దొరకాలి.

ఇక్కడ మీలో చాలామందికి అనుమానం వస్తుందని నాకు తెలుసు. మనం ఇంగ్లీషు పక్షం కదా! 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడతామంటే, తమ పిల్లల్ని కాన్వెంట్లలో చదివించుకున్న పెద్దమనుషులు "అమ్మభాష చచ్చిపోతోంది" అని గుండెలు బాదుకున్నారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది. అప్పుడు మనం ఏమన్నాం? మీ అమ్మభాష మా నోటికి కూడు పెట్టలేదు, మాకు ఇంగ్లీషు కావాలి అన్నాం. సావిత్రీబాయి ఫూలే ఇంగ్లీషును పొగుడుతూ కవితలు రాసింది. ఉత్తరప్రదేశ్‌లోని బాంకా గ్రామంలో దళితులు ఇంగ్లీషు దేవతకు గుడి కట్టడానికి పూనుకున్నారు. మరి అలాంటి మనం, ఇంగ్లీషుకు ఎదురు నిలిచిన ఒక భాషను పిల్లల మీద "రుద్దాలి" అంటే ఎట్లా?

అందుకే ఈ భాగం రాయాల్సి వచ్చింది. సంస్కృతం మనకు ఏం చేసిందో, తెలుగు "గ్రాంథికం" మనకు ఏం చేసిందో గుర్తుపెట్టుకునే హవాయి కథ వినండి. తేడా మీకే తెలుస్తుంది.

ముందుగా ఒక నిజం. హవాయి పాత సమాజం స్వర్గమేమీ కాదు. అమెరికా వాళ్ళు చెడగొట్టక ముందు అంతా సమానత్వమే అని చెప్పే పర్యాటక కథలు నమ్మకండి. పైన "అలియి" అనే పాలక వర్గం, కింద "మకాఆయినాన" అనే నేల దున్నే జనం, వాళ్ళకంటే అడుగున "కౌవా" అనే వాళ్ళు. ఈ కౌవాలు వెలివాడల్లో బతికారు. వేరే వాళ్ళతో పెళ్ళి లేదు, కలిసి ఉండడం లేదు. గుడిలో నరబలికి మనిషి కావాలంటే వీళ్ళలోంచి పట్టుకుపోయేవాళ్ళు. కౌవా అంటే తిట్టు. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే మనకు ఇది ఎక్కడో విన్న కథలా ఉండదు.

అయితే ఈ సంగతి మనకు ఎట్లా తెలిసింది? డేవిడ్ మాలో అనే హవాయి పండితుడు తన సొంత భాషలో రాసిపెట్టాడు గనక తెలిసింది. ఆయన 1853లో చనిపోయాడు. ఆ పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చింది 1903లో. ఒక జాతి తన వెలివాడ గురించి తన భాషలో తనే రాసుకోవడం చిన్న విషయం కాదు.

ఇంకో విషయం. "కపు" అనే కట్టుబాట్ల వ్యవస్థ అక్కడ ఉండేది. ఆడవాళ్ళు మగవాళ్ళతో కూర్చుని తినకూడదు. పంది మాంసం, అరటిపండు లాంటివి ఆడవాళ్ళు ముట్టకూడదు. తప్పితే చావే. 1819లో ఆ కపు కూలిపోయింది. ఎట్లా కూలిందో తెలుసా? కాఆహుమాను అనే రాణి పట్టుబట్టడంతో కొత్త రాజు లిహోలిహో వెళ్ళి ఆడవాళ్ళ పంక్తిలో కూర్చుని అన్నం తిన్నాడు. సహపంక్తి భోజనం! మొదటి క్రైస్తవ మిషనరీలు దిగింది 1820లో. అంటే వాళ్ళు రాకముందే. బయటి నుంచి ఎవరో వచ్చి వీళ్ళను ఉద్ధరించారన్న మాట ఈ ఒక్క విషయంలో చెల్లదు.

ఆ తర్వాత జరిగింది చూడండి. మిషనరీలు హవాయి భాషకు లిపి కట్టారు, 1822లో అచ్చు మొదలైంది. అక్షరాలు చాలా తక్కువ, పలికినట్టే రాస్తారు. ఇక జనం ఎగబడ్డారు. 1830ల మొదటికి బడుల్లో చదువుతున్న వాళ్ళు 50,000కు పైనే, అందులో ఎక్కువమంది పిల్లలు కారు, పెద్దవాళ్ళు. నేల దున్నేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు. 1840, 41 నాటికి మూడో కమేహమేహా రాజు బడులను చట్టంగా చేశాడు, హవాయి భాషలో. కొన్ని దశాబ్దాల్లోనే అప్పటి ప్రపంచంలో అక్షరాస్యత బాగా ఎక్కువ ఉన్న దేశాల్లో అదొకటి అయింది.

మన దగ్గర అదే కాలంలో ఏం జరుగుతోంది? చదువు చెవిన పడితే సీసం పోయాలన్న శాస్త్రం ఊళ్ళను ఏలుతోంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి బాబాసాహెబ్ హైస్కూల్లో సంస్కృతం చదువుతానంటే కుదరదన్నారు, పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. కాబట్టి "స్వదేశీ భాష" అనగానే మన చేయి జేబులోకి, పాత గాయం మీదికి పోతుంది. సహజమే. కానీ హవాయి రాతభాష పుట్టుకలోనే సామాన్యుడి చేతికి వచ్చింది. 1834లో లహైనాలూనా బడిలో మొదటి పత్రిక అచ్చయింది. 1861లో హవాయి వాళ్ళే సొంతంగా నడిపిన మొదటి పత్రిక వచ్చింది. 1948లో చివరిది మూతపడే లోపు వందకు పైగా పత్రికలు, 1,25,000కు పైగా పేజీలు! రాజకీయాలు, పాటలు, పురాణాలు, చావు వార్తలు, సంపాదకుడి మీద తిట్లు, అన్నీ. అందులో ఇంగ్లీషులోకి వచ్చింది చాలా కొద్ది. మిగతాదంతా తాళం వేసిన గదిలో ఉంది. తాళం చెవి ఆ భాష. మనవలకు ఆ చెవి ఇవ్వకుండా బడి చూసుకుంది.

1893 జనవరి 17న చెరకు తోటల సొమ్ముతో బలిసిన తెల్ల వ్యాపారులు, అమెరికా నౌక నుంచి దిగిన సైనికుల అండతో, లిలియువోకలాని రాణిని దించేశారు. 1894లో రిపబ్లిక్ అన్నారు. శాన్‌ఫర్డ్ డోల్ అధ్యక్షుడు. మనం మొదట చెప్పుకున్న 57వ చట్టం ఈ రిపబ్లిక్ చేసిందే. 1897లో హవాయి జనం అమెరికాలో కలపొద్దని ఊరూరా తిరిగి సంతకాలు చేయించారు. 21,000కు పైగా సంతకాలు. అప్పటికి రోగాలతో నలిగిపోయి మిగిలిన హవాయి జాతి మొత్తం సుమారు 40,000. పసిపిల్లల్ని తీసేస్తే ఇక మిగిలిందెవరు? అయినా 1898లో కలిపేసుకున్నారు. సంతకం పెట్టగలిగిన జాతి అది, వేలిముద్రల జాతి కాదు. అలాంటి జాతికి మీ భాష బడికి పనికిరాదని చెప్పారు.

ఇక్కడ మన ఉద్యమ మిత్రులు కొందరు దాటేసే సంగతి ఒకటుంది. 1896 చట్టం వచ్చే నాటికే హవాయి మీడియం బడులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. అప్పటికే చాలామంది హవాయి తల్లిదండ్రులు పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపుతున్నారు. రాజకుటుంబమూ పంపింది. ఎందుకు? వ్యాపారం ఇంగ్లీషులో, కోర్టు ఇంగ్లీషులోకి జారుతోంది, భూమి కాగితాలు తెల్లవాడి చేతిలో ఉన్నాయి. బిడ్డ బతకాలి. నేను ఆ తల్లిదండ్రుల్ని తప్పు పట్టను. మన నాన్నలు అదే చేశారు, సరిగ్గానే చేశారు.

కానీ ఆ తల్లిదండ్రులు ఇంగ్లీషు అడిగారు, హవాయి భాషను తీసేయమని అడగలేదు. చట్టం ఆ రెంటినీ ఒకే ముడి వేసింది. ఇది కావాలంటే అది వదులుకో అంది. బడిలో సొంత భాష మాట్లాడితే దెబ్బలు తిన్నామని ఆ తరం ముసలివాళ్ళు చెప్పుకున్నారు. టీచర్లు ఇళ్ళకొచ్చి, పిల్లలతో ఆ భాష మాట్లాడొద్దని అమ్మానాన్నలకి చెప్పి వెళ్ళారని కూడా చెప్పుకున్నారు. ఇంట్లో తల్లి నోరు మూయించడం ఏ సిలబస్‌లో భాగం?

సరే, తీసుకున్నారు. మరి ఇంగ్లీషు ఇచ్చారా?

ఇది మన చదువరులకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం. తోటల్లో పనికి చైనా నుంచి, జపాన్ నుంచి, పోర్చుగల్ దీవుల నుంచి, కొరియా నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి కూలీలను తెచ్చారు. కూలీల పిల్లలు, హవాయి పిల్లలు ఒకే బడిలో కలిశారు. ఆ కలయికలోంచి "పిజిన్" అనే కొత్త భాష పుట్టింది, కష్టజీవుల భాష. తెల్ల తల్లిదండ్రులకు భయం పట్టుకుంది: మా పిల్లలు వీళ్ళతో కలిసి పాడైపోతారని. 1924లో "ఇంగ్లీషు స్టాండర్డ్ స్కూళ్ళు" అని వేరే ప్రభుత్వ బడులు పెట్టారు. చేరాలంటే ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష. యాస ఉంటే బయటికి. జాతి పేరు ఎక్కడా రాయలేదు, చూడండి మళ్ళీ! యాస అన్నారు. ఫలితం మాత్రం తెల్ల పిల్లలకు ఒక బడి, తోట కూలీల పిల్లలకు ఇంకో బడి. పన్ను అందరిదీ. 1940ల చివర్లో ఎత్తేయడం మొదలుపెడితే, 1960 దాకా చివరి బ్యాచ్‌లు నడుస్తూనే ఉన్నాయి.

అందరికీ ఇంగ్లీషే అని 1896లో చట్టం. నీది సరైన ఇంగ్లీషు కాదు పో అని 1924లో గేటు. సొంత భాష పోయింది, దొరభాష పూర్తిగా దక్కలేదు. మనం ఇంగ్లీషు మీడియం అడిగింది మన మెడ మీద కత్తి పెట్టే ఇలాంటి ఇంగ్లీషు కోసం కాదు. ఇంటర్వ్యూలో మన యాస విని మొహం చిట్లించే వాళ్ళను చూసిన ప్రతి యూనివర్సిటీ విద్యార్థికీ ఆ 1924 గేటు తెలుసు.

ఇక తిరిగి లేచిన కథ. 1972లో లారీ కిమురా అనే ఆయన రేడియోలో హవాయి భాషలో కార్యక్రమం మొదలుపెట్టాడు. ఆ భాష పుట్టుకతో వచ్చిన ముసలివాళ్ళను పిలిచి మాట్లాడించాడు. వందల గంటల గొంతులు అలా మిగిలాయి. 1978లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించారు. ఇంగ్లీషుతో పాటు హవాయి భాష కూడా అధికార భాష అన్నారు. ప్రభుత్వ బడుల్లో హవాయి భాష, సంస్కృతి, చరిత్ర నేర్పే కార్యక్రమం రాష్ట్రం పెట్టి తీరాలని రాశారు. అమెరికా రాష్ట్రాల్లో అప్పటికి ఇది పెద్ద మాట.

రాజ్యాంగంలో రాసుకున్నాక కూడా 1980ల మొదట్లో లెక్క చూస్తే, ఆ భాష మాట్లాడే పిల్లలు యాభైమంది కూడా లేరు. నీహావు అనే చిన్న ద్వీపం పిల్లలు ప్రధానంగా. యాభై! ఒక బస్సులో పడతారు.

1983లో కొందరు టీచర్లు, తల్లిదండ్రులు కలిసి "పూనన లేఓ" అనే సంస్థ పెట్టారు. పూనన అంటే గూడు, లేఓ అంటే గొంతు. న్యూజిలాండ్‌లో మావోరీలు అంతకు ముందు ఏడాది మొదలెట్టిన శిశు బడుల్ని చూసి స్ఫూర్తి పొందారు. 1984లో కవాయి ద్వీపంలో మొదటి బడి. మూడేళ్ళ నాలుగేళ్ళ పిల్లలు, అంతా హవాయి భాషలో. ఆ పిల్లలు ఐదేళ్ళకు వచ్చేసరికి ఏం చేయాలి? ప్రభుత్వ బడికి పంపితే 90 ఏళ్ళ కింది చట్టం. తల్లిదండ్రులు చట్టసభ చుట్టూ తిరిగారు. 1986లో అడ్డు తొలగింది, 1987లో రెండు ప్రభుత్వ బడుల్లో హవాయి మీడియం మొదలైంది. 1999లో మొదటి బ్యాచ్ పన్నెండో తరగతి పూర్తి చేసి బయటికొచ్చింది. అందులో ఒక బడి పేరు నావహీ. జోసెఫ్ నావహీ అని, రాజ్యం కూలాక విలీనానికి ఎదురు నిలిచి పత్రిక పెట్టిన నాయకుడు. ఆయన చనిపోయింది 1896లో, చట్టం వచ్చిన ఏడాదే.

ఈ బడుల్లో ఇంగ్లీషు ఉండదని అనుకోకండి. ఐదో తరగతి నుంచి నేర్పుతారు. బయట వీధి అంతా ఇంగ్లీషే, పిల్లలకు అది రాకపోయే ప్రమాదమే లేదు.

మరి ఇంత జరిగాక "తప్పనిసరి" అని నేనెందుకు పట్టుబడుతున్నాను?

ఎందుకంటే ఇప్పటి పద్ధతిలో బరువంతా హవాయి తల్లిదండ్రుల నెత్తిన ఉంది. రాష్ట్ర బడుల్లో సుమారు 1,70,000 మంది పిల్లలుంటే, నాలుగో వంతు దాకా హవాయి మూలాల వాళ్ళే. హవాయి మీడియంలో ఉన్నది 3,000 పై చిలుకు. మిగతావాళ్ళు ఇష్టం లేక రాలేదా? ఊళ్ళో బడి లేక, టీచరు లేక, బస్సు లేక రాలేదు. లానాయ్ ద్వీపం సంగతి చూడండి. అక్కడ ఒక తల్లి తన పిల్లలకు హవాయి మీడియం కావాలంది. టీచరు దొరకలేదన్నారు. వేరే ద్వీపానికి కాపురం మార్చుకోవాలా? ఆమె కోర్టుకెళ్ళింది. 2019లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: హవాయి మీడియం చదువు అందేలా రాష్ట్రం తగిన ప్రయత్నాలన్నీ చేయాలి, రాజ్యాంగం ప్రకారం అది బాధ్యత. మంచి తీర్పు.

ఆ లానాయ్ ద్వీపం చరిత్ర ఒక్క ముక్కలో చెప్తాను, పక్కదారి అయినా సరే. 1922లో జేమ్స్ డోల్ అనే అనాసపండ్ల కంపెనీ యజమాని ఆ ద్వీపాన్ని దాదాపు మొత్తం కొనేశాడు. పైన చెప్పిన శాన్‌ఫర్డ్ డోల్‌కి బంధువు. 2012లో దాన్నే ఒరాకిల్ కంపెనీ లారీ ఎల్లిసన్ కొన్నాడు, 98 శాతం. ద్వీపం కొనడానికి మనిషి దొరుకుతాడు, ద్వీపానికి ఒక టీచరు దొరకదు.

కోర్టుల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. 2018 జనవరిలో కలేయికోవా కాయేఓ అనే ప్రొఫెసర్, ఒక పర్వతం మీద టెలిస్కోపు కడుతుంటే అడ్డుకున్న కేసులో మావీ కోర్టులో నిలబడ్డాడు. జడ్జి పేరు అడిగితే హవాయి భాషలో జవాబు చెప్పాడు. ఎన్నిసార్లు అడిగినా అదే భాషలో చెప్పాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఆయనో కాదో తేల్చుకోలేకపోతున్నామని, హాజరు కానట్టు లెక్కేసి అరెస్టు వారెంటు ఇచ్చారు. అధికార భాషలో మాట్లాడితే మనిషి కనపడకుండా పోయాడు! గొడవయ్యాక మర్నాడు వెనక్కి తీసుకున్నారు. అనువాదకుల్ని పెడతామన్నారు.

ఆ కోర్టు హాల్లో ఉన్న వాళ్ళలో, ఆ రాష్ట్రంలోనే బడికెళ్ళిన వాళ్ళు ఎందరున్నా, చిన్నప్పుడు ఆ భాష ఒక పాఠంగా చదివి ఉంటే ఆయన తన పేరు చెప్పాడన్న సంగతి అర్థమయ్యేది. నేను అడిగేది అంతే. హవాయి పిల్లలు హవాయి భాష నేర్చుకుంటే సగం పని. వాళ్ళతో మాట్లాడేవాళ్ళు, వాళ్ళ మాట వినాల్సిన క్లర్కు, పోలీసు, డాక్టరు, జడ్జి నేర్చుకుంటేనే ఆ భాషకు వీధిలో చోటు. ఇష్టమున్న వాళ్ళే నేర్చుకోవాలంటే, ఆ భాష మళ్ళీ ఒక వాడకే పరిమితం అవుతుంది. అంటరానితనం పోవాలంటే మనవాళ్ళకి మంచి గ్లాసు ఇస్తే చాలదు కదా. రెండు గ్లాసుల హోటల్లో అవతలి గ్లాసు వాడు కూడా మారాలి.

పైగా రాష్ట్రం ఆ భాషను వాడుకోవట్లేదా? వీధుల పేర్లు హవాయివే. విమానం దిగగానే అలోహా. చొక్కాల మీద, హోటళ్ళ మీద, సబ్బుల మీద ఆ భాషే. అమ్ముకోవడానికి అందరికీ తప్పనిసరి, నేర్చుకోవడానికి మాత్రం ఐచ్ఛికం! ప్రాథమిక బడుల్లో "కూపున" అని పెద్దవాళ్ళను పిలిచి పాటలు, రంగుల పేర్లు, అంకెలు నేర్పిస్తున్నారు, 1980 నుంచి. ఆ ముసలివాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. కానీ రాజ్యాంగంలో రాసిన బాధ్యతను వారానికి కాసేపు పాటతో సరిపెట్టడం కుదరదు. హైస్కూలు పాసవ్వాలంటే హవాయి ఆధునిక చరిత్ర తప్పనిసరిగా చదవాలి అక్కడ. చరిత్ర తప్పనిసరి అయినప్పుడు, ఆ చరిత్ర రాసి ఉన్న భాష ఎందుకు కాకూడదు?

ఎదురు వాదనలున్నాయి, కొన్ని బలమైనవి. ఇలోకానో మాట్లాడే ఫిలిపినో పిల్ల, మైక్రోనీషియా నుంచి ఈ మధ్యే వచ్చిన పిల్ల, ఇంగ్లీషుతోనే అవస్థ పడుతోంది. మూడో భాష ఎందుకు ఆమె నెత్తిన? ఈ ప్రశ్న అడిగే హక్కు ఆ పిల్ల తల్లికి ఉంది. తెల్లవాడి గోల్ఫ్ క్లబ్బులో కూర్చుని ఆమె పేరు చెప్పి అడిగేవాడికి లేదు. ఆమెకు నా జవాబు: రోజుకొక పీరియడ్, మొదటి కొన్నేళ్ళు మార్కుల్లేకుండా మాట్లాడే చదువు. బడిలో అందరూ సున్నా నుంచి మొదలెట్టే ఒకే ఒక్క పాఠం అదే. తెల్ల పిల్ల, మైక్రోనీషియా పిల్ల ఒకే మెట్టు మీద నిలబడే పీరియడ్ అది. ఆమె సొంత భాషకు కూడా బడిలో చోటు ఇవ్వాలి, అది వేరే పోరాటం, దాంట్లోనూ మనం ఆమె పక్షమే.

రెండోది, టీచర్లు ఏరి? నిజమే, ఇప్పుడున్న బడులకే చాలట్లేదు. అందుకే ఒక్క ఏడాదిలో జీవో ఇచ్చి చేతులు దులుపుకుంటే పని జరగదు. హిలోలోని యూనివర్సిటీలో హవాయి భాషకు ప్రత్యేక కాలేజీ ఉంది. ఇంగ్లీషు తెలిసీ మాట్లాడనని జీవితాంతం పట్టుబట్టిన కెయెలికోలాని రాకుమారి పేరు దానికి పెట్టారు. అలాంటి చోట్ల టీచర్ల శిక్షణకు, స్కాలర్‌షిప్పులకు, టీచర్ల ఇళ్ళకు డబ్బు పెట్టాలి. ఒకటో తరగతితో మొదలెట్టి ఏటా ఒక్కో తరగతి పెంచుకుంటూ పోవాలి. తప్పనిసరి అంటేనే బడ్జెట్‌లో లైను వస్తుంది. ఐచ్ఛికం అన్న దానికి ఏ ప్రభుత్వమూ డబ్బు ముందు పెట్టదు. మన హాస్టళ్ళ మెస్ బిల్లుల కోసం ధర్నా చేసిన వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

మూడోది ఐర్లాండ్. అక్కడ స్వాతంత్ర్యం వచ్చిన దగ్గర్నుంచీ ఐరిష్ తప్పనిసరి పాఠం. 2022 జనాభా లెక్కల్లో బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేవాళ్ళు సుమారు 72,000 మంది. వందేళ్ళ బలవంతానికి ఇదా ఫలితం అంటారు. ఈ హెచ్చరిక నేను కొట్టిపారేయను. పరీక్ష కోసం వ్యాకరణం బట్టీ పట్టిస్తే ఏ భాష మీదైనా అసహ్యమే పుడుతుంది. మన పిల్లలు హిందీ పరీక్ష రాసినట్టే. వేల్స్‌లో కూడా 16 ఏళ్ళ దాకా వెల్ష్ అందరికీ తప్పనిసరి, 1999 నుంచి. అక్కడ దాని చుట్టూ టీవీ, ఉద్యోగాలు, ఆఫీసు సేవలు కూడా ఉండడంతో పాఠానికి బయట పని దొరికింది. హవాయిలో కూడా ఆ భాష వస్తే ఉద్యోగంలో ఒక మార్కు ఎక్కువ రావాలి. కూడు పెట్టని భాషను పేదవాడు మోయాల్సిన పనిలేదు, ఆ మాట హవాయికీ వర్తిస్తుంది.

ఇంకొక షరతు నాది. ఆ పాఠంలో రాజులు, రాణులు, హూలా నాట్యాలు మాత్రమే ఉంటే ఒప్పుకోకూడదు. కౌవాల గురించి మాలో రాసిన పేజీలు ఆ పిల్లలు చదవాలి, ఆ భాషలోనే.

2022లో హవాయి చట్టసభ ఒక తీర్మానం చేసింది. 1896 నుంచి 1986 దాకా బడుల్లో హవాయి భాషను అడ్డుకున్నందుకు హవాయి ప్రజలకు క్షమాపణ చెప్పింది. మంచిదే. క్షమాపణ చెప్పినవాడు తీసుకున్నది తిరిగివ్వాలి కదా. తీసుకున్నప్పుడు అందరికీ తప్పనిసరి చేసి తీసుకున్నారు. ఇచ్చేటప్పుడు ఇష్టమున్న వాళ్ళు క్యూలో నిలబడండి అంటున్నారు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. హవాయి కథ వినగానే మన తెలుగు భాషాభిమానులు "చూశారా, తెలుగుకీ ఇదే గతి" అంటారు. ఆగండి. కోట్ల మంది మాట్లాడే, రెండు రాష్ట్రాలను ఏలే తెలుగు హవాయి భాష ఎట్లా అవుతుంది? తెలంగాణలో 2018 చట్టంతో ఒకటి నుంచి పది దాకా అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది. ఆ చట్టంతో నాకు పేచీ లేదు. కానీ ఆదిలాబాద్ గోండు పిల్లకు, భద్రాచలం కోయ పిల్లకు, సీతంపేట సవర పిల్లకు ఈ నేల మీద 1896 చట్టం ఏ భాషలో వచ్చింది? తెలుగులో వచ్చింది. టీచరు తెలుగు, పుస్తకం తెలుగు, అర్థం కాక మూగగా కూర్చున్న పిల్లకు "మొద్దు" అనే పేరు కూడా తెలుగే. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది ఆదివాసీ భాషల్లో చిన్న తరగతులకు పాఠాలు మొదలయ్యాయి. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది, ఫోన్లో టైపు చేసుకునేలా. బడిలో మాత్రం ఆ లిపి ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారు, గిడుగు రామమూర్తి పుట్టినరోజు. ఆ గిడుగు పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలో పుస్తకాలు రాసి, బడులు పెట్టినవాడు. ఆయన బొమ్మకు దండ వేసే సభల్లో ఆ సంగతి ఎంతమంది చెప్తారో ఈసారి వెళ్ళి వినండి. యూనివర్సిటీల్లో ఉన్నవాళ్ళు ఇంకో పని కూడా చేయండి. మీ జిల్లా ఐటీడీఏకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: ఈ ఏడాది ఏ ఆదివాసీ భాషలో, ఎన్ని బడుల్లో, ఎంతమంది టీచర్లతో పాఠం జరుగుతోందని. ఏజెన్సీ బడుల్లో పనిచేసే తెలుగు టీచర్లు ఆ పిల్లల భాష నేర్చుకోవాలన్న నిబంధన ఉందా, ఉంటే ఎవరు అమలు చేస్తున్నారని కూడా అడగండి. వచ్చిన జవాబులు నాకు పంపితే ఎనిమిదో భాగంలో అన్నీ కలిపి రాస్తాను. ఏడో భాగం న్యూజిలాండ్ మావోరీల శిశు బడుల మీద.

జై భీమ్.